లెన్‌స్టర్ రాజులు: వంతులవారీ ఒప్పందమా, దాయాదుల కొట్లాటా?

వానలోవాడు · సోమవారం, రాత్రి 10:12

ఐర్లండ్‌లో ఉద్యోగం, కాపురం కిల్డేర్ కౌంటీ నాస్‌లో. ఈ ఊరిని ఐరిష్‌లో 'నాస్ నా రీ' అంటారు, రాజులు కొలువుదీరే చోటని. రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా ఆ రాజులెవరో ఏనాడూ పట్టించుకోలేదు. మొన్న ఆదివారం మావాడి స్కూలు ప్రాజెక్టు పుణ్యమా అని కిల్‌కల్లెన్ దగ్గరున్న నాకాలిన్ గుట్టకు వెళ్లాం. పాత పేరు ఆలిన్. ఒకటే వాన. గుట్ట ఎవరిదో సొంత పొలం, అందుకని గేటు బయటే నిలబడి చూశాం. గడ్డి, గొర్రెలు, గుట్ట నెత్తిన చుట్టూ ఓ మట్టిగట్టు. ఇంతేనా అన్నాడు మావాడు.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది. 8వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం దాకా, దాదాపు 300 ఏళ్లు, లెన్‌స్టర్ ప్రావిన్సుకు రాజులు ఒకే ఇంటి మూడు శాఖల్లోంచి మారిమారి వచ్చారట. మూడు శాఖలూ ఒక తండ్రి ముగ్గురు కొడుకులవే. నా అనుమానం ఏంటంటే, ఇది కూర్చుని మాట్లాడుకున్న ఒప్పందమా? కాలవ నీళ్లకు వంతులు పెట్టుకున్నట్టు రాజ్యానికీ పెట్టుకున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణాతీరం · సోమవారం, రాత్రి 10:31

జవాబు నాకు తెలీదు కానీ నాదీ ఓ డౌటు. ఆ వంశం పేరు 'ఈ డూన్‌లింగే' అని ఉంది. ఇది 'ఈ' డూన్‌లింగే అయితే 'ఆ' డూన్‌లింగే ఎక్కడ?

పాతరాతి · సోమవారం, రాత్రి 10:58

ఆ 'ఈ' మన 'ఈ' కాదు. మనవలు, సంతతి అని అర్థం. డూన్‌లింగ్ అనే మూలపురుషుడి సంతతి 'ఈ డూన్‌లింగే'. ఏకవచనం 'ఊవ', అంటే మనవడు. అదే అరిగి అరిగి ఓబ్రయన్, ఓటూల్ లాంటి పేర్ల ముందు 'ఓ' అయి కూర్చుంది. పేర్లు పలకడం నాకూ సరిగ్గా రాదు, చెవికి ఆనినట్టు రాస్తాను, సర్దుకోండి.

వానలోవాడు గారూ, ముందు మీకు కావలసిన నేపథ్యం. అప్పటి ఐర్లండ్‌లో రాజులకు కొదవ లేదు. ఓ మండలమంత జాగాకు కూడా రాజు ఉండేవాడు. దీవి మొత్తం మీద అలాంటి చిన్న రాజ్యాలు 150 దాకా ఉండేవని అంచనా. నాలుగైదు చిన్న రాజ్యాల మీద ఒక పెద్ద రాజు, అలాంటివాళ్ల మీద ప్రావిన్సు రాజు. ప్రావిన్సుకు వాళ్ల మాట 'కోయ్‌గెద్', అంటే ఐదో వంతు. కాబట్టి మీరన్న వంతు మాటలో ఉంది, చేతల్లో ఉందా అన్నదే గొడవ.

లెన్‌స్టర్ రాజు ముర్హద్ 727లో పోయాడు. కొడుకుల్లో మనకు కావలసినవాళ్లు ముగ్గురు: డూన్‌హద్, ఫైలాన్, మురెదాక్. శాఖలు మూడూ వీళ్ల పేర్ల మీదే. డూన్‌హద్ వాళ్లది లయన్స్ హిల్, ఫైలాన్ వాళ్లది మీ నాస్, మురెదాక్ వాళ్లది దక్షిణాన ముల్లామాస్ట్. మూడూ ఇప్పుడు మీ కౌంటీలోనే ఉన్నాయి. ఆదివారం వాన లేకపోతే కార్లో ఒక్క పూటలో చుట్టి రావొచ్చు.

ఒప్పందం అన్న ఆధారం నాకు ఎక్కడా కనబడలేదు. రేపు వివరంగా రాస్తాను.

లెక్కలమాస్టారు · మంగళవారం, ఉదయం 5:50

పాతరాతి గారు తొందరపడుతున్నారు. రాత్రి నిద్ర పట్టక ఎక్సెల్‌లో పట్టిక వేశాను. డూన్‌హద్ శాఖను 'డూ', ఫైలాన్ శాఖను 'ఫై', మురెదాక్ శాఖను 'ము' అనుకోండి.

727-728 డూన్‌హద్, డూ. 728-738 ఫైలాన్, ఫై. 738-760 మురెదాక్, ము. 760-776 డూన్‌హద్ కొడుకు కెల్లాక్, డూ. 776-785 ఫైలాన్ కొడుకు రువరి, ఫై. 785-795 మురెదాక్ కొడుకు బ్రన్, ము. 795 నుంచి కెల్లాక్ కొడుకు ఫిన్‌ష్నెక్త, డూ.

డూ ఫై ము, డూ ఫై ము, డూ. ఒకసారి పైకి చదవండి, తాళం వేసినట్టు లేదూ! మొదటి ముగ్గుర్నీ వదిలేద్దాం. తర్వాతి నలుగురూ అచ్చం అదే వరుసలో రావడానికి, ఏ నియమమూ లేకుండా చీట్లు తీస్తే, 81లో ఒక్క అవకాశం. ముప్పై ఐదేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. దీన్ని కాకతాళీయం అంటే నా మనసు ఒప్పదు.

కృష్ణాతీరం · మంగళవారం, ఉదయం 8:15

మాస్టారూ, సూపర్. పాతరాతి అన్న పని అయిపోయింది.

పాతరాతి · మంగళవారం, రాత్రి 9:20

అవలేదు తమ్ముడూ, ఆఫీసులో ఉన్నా.

మాస్టారూ, మీ పట్టికలో గీతలు చక్కగా ఉన్నాయి. ఆ గీతల మధ్య ఏం జరిగిందో చూద్దాం.

మొదటి గీత, డూ నుంచి ఫై. 728వ సంవత్సరం కింద అల్‌స్టర్ వార్షిక చరిత్ర చెప్పేది ఇంతే: ఆలిన్ దగ్గర ముర్హద్ కొడుకులు ఇద్దరి మధ్య యుద్ధం, పెద్దవాడు డూన్‌హద్ హతుడయ్యాడు, చిన్నవాడు ఫైలాన్ ఏలుతున్నాడు. వానలోవాడు గారూ, మీరు గేటు బయట నిలబడి చూసిన గుట్ట దగ్గరే ఇది జరిగింది. తమ్ముడు అన్నను చంపాడు. మాస్టారి మొదటి 'వంతు' ఇదీ.

ఆ గుట్ట గురించి ఓ ముక్క. పైనున్న మట్టిగట్టు కోట గోడ కాదు. కోటకైతే కందకం గట్టుకు బయటివైపు ఉంటుంది, శత్రువు దిగబడాలి కదా. ఆలిన్‌లో కందకం గట్టుకు లోపలివైపు ఉంది. ఇనుప యుగంలో జాతరలకో, పట్టాభిషేకాలకో కట్టుకున్న చోటు అది. అన్నదమ్ములు కొట్టుకునే నాటికే పాడుబడి కొన్ని వందల ఏళ్లయింది. అయినా ఆ గుట్ట ఎవరి చేతిలో ఉంటే వాడే లెన్‌స్టర్ రాజన్న పట్టింపు మాత్రం పోలేదు.

రెండో గీత, ఫై నుంచి ము. ఫైలాన్ 738లో ఉన్నట్టుండి పోయాడు, చిన్న వయసులోనే. ఇక్కడ మీరు ఒకణ్ణి ఎగ్గొట్టారు మాస్టారూ. ముర్హద్‌కు ఇంకో కొడుకున్నాడు, చిన్న బ్రన్ అని. ఫైలాన్ పోగానే లెన్‌స్టర్‌లో ఇద్దరు రాజులు లేచారు. ఒకడు ఈ చిన్న బ్రన్. రెండోవాడు దక్షిణ లెన్‌స్టర్‌లోని ఈ కెన్‌షెలిగ్ వంశం నుంచి ఐద్ మాక్ కొల్గెన్. అదే ఏడాది ఉత్తరం నుంచి తారా రాజు (ప్రావిన్సు రాజులందరికంటే పెద్దవాడని లెక్క) ఐద్ అల్లాన్ దండెత్తి వచ్చాడు. కిల్డేర్‌లోనే ఆత్ షెనిగ్ అనే రేవు దగ్గర యుద్ధం జరిగింది. లెన్‌స్టర్ రాజులిద్దరూ ఒకే రోజు పోయారు. మిగిలినవాడు మురెదాక్. అతని వంతు వచ్చిందంటారా, మిగతావాళ్లంతా పోయారంటారా?

ఇంకో సంగతి గమనించండి. ఆ దెబ్బతో ఈ కెన్‌షెలిగ్ వాళ్లు పక్కకు పోయారు. మళ్లీ 1042లో గానీ ప్రావిన్సు గద్దె ఎక్కలేదు. అంటే ఆటలో నాలుగో ఆటగాణ్ణి బయటివాడు వచ్చి తన్ని పంపేశాడు కాబట్టే ఇంట్లో ముగ్గురు మిగిలారు.

చివరి రెండు గీతలూ చూడండి. 782లో రువరికీ బ్రన్‌కూ మధ్య కురాక్‌లో యుద్ధం, అంటే ఫై మీద ము. రువరి గెలిచాడు. ఇప్పుడక్కడ గుర్రప్పందేలు జరుగుతాయి. మూడేళ్లకు రువరి పోయాక బ్రన్ రాజయ్యాడు. ఆ బ్రన్‌ను, అతని రాణి ఎత్నెను 795 మే ఆరో తేదీ రాత్రి, బుధవారం, కెల్ కూలె దుమి అనే చర్చి ఊళ్లో ఫిన్‌ష్నెక్త చంపేశాడు. తేదీ, వారం, చంపినవాడి పేరుతో సహా రాసి పెట్టారు, మన ఎఫ్‌ఐఆర్ లాగా. 'కెల్' అంటేనే చర్చి. మీ ఏడో గడిలో 'డూ' వచ్చింది ఇలా.

చీట్లు తీసిన లెక్క దీనికి పనికిరాదు మాస్టారూ. గద్దె మీదున్న శాఖకు మిగతా రెండు శాఖలూ ఉమ్మడి శత్రువులు. రాజు పోగానే అతని కొడుకు కంటే, ఎన్నాళ్లుగానో మనుషుల్ని కూడగట్టుకున్న దాయాదే బలంగా ఉంటాడు. ఒకడు ఇంకొకణ్ణి మింగేయలేక మిగిలినదాన్ని దూరం నుంచి చూస్తే తాళంలా వినిపిస్తుంది.

లెక్కలమాస్టారు · మంగళవారం, రాత్రి 9:55

చిన్న బ్రన్‌ను వదిలేయడం నా తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ కొట్టుకున్నారు కాబట్టి నియమం లేదనడం తర్కం కాదు. ట్రాఫిక్ రూల్ ఉన్నా యాక్సిడెంట్లు జరుగుతాయి. నియమం ఉంది కాబట్టే, అది తప్పినప్పుడు యుద్ధం జరిగింది అనుకోకూడదా?

వకీలుబుర్ర · మంగళవారం, రాత్రి 10:40

మాస్టారి వైపు కాస్త వాదిస్తాను, ఫీజు లేకుండా.

పాత ఐరిష్ చట్టంలో 'దెర్వ్‌ఫినె' అని ఉంది. ముత్తాత ఒకడే అయిన మగవాళ్లందరూ ఒక కుటుంబం, నాలుగు తరాల లెక్క. భూమి పంపకం, పరిహారాల బాధ్యత అన్నీ ఆ గుంపుకే. 20వ శతాబ్దం మొదట్లో ఓయిన్ మాక్‌నీల్ అనే చరిత్రకారుడు దీన్నే రాజరికానికీ అన్వయించాడు. అంతకుముందు రాజయినవాడి దెర్వ్‌ఫినెలో ఎవరైనా రాజు కావడానికి అర్హుడే, ముత్తాత వరకు వెతికినా రాజు దొరక్కపోతే ఆ కొమ్మ రేసులోంచి అవుట్ అన్నాడు. (ఈయనే బ్రిటిష్ పాలన మీద 1916లో లేచిన తిరుగుబాటును ఆపండని ఆఖరి నిమిషంలో ఆర్డర్ వేసిన ఐరిష్ వాలంటీర్ల నాయకుడు. తర్వాత విద్యామంత్రి కూడా అయ్యాడు. చరిత్రకారుల్లో ఇలాంటి బయోడేటా అరుదు.)

మన హిందూ చట్టంలోని మితాక్షర ఉమ్మడి కుటుంబం గుర్తొచ్చిందా? అక్కడా తండ్రితో కలిపి నాలుగు తరాలే. నాకైతే గుర్తొచ్చింది, ఎందుకంటే మా తాతల నాటి నాలుగెకరాల మీద దాయాదుల కేసు ఇంకా నడుస్తోంది. నా సొంత కేసు నేను వాదించుకోకూడదంటారు, లేకపోతే ఎప్పుడో ఓడిపోయేవాణ్ణి.

పాతరాతి · మంగళవారం, రాత్రి 11:15

వకీలు గారూ, పొలం పంచొచ్చు. గద్దె పంచలేరు కదా. మాక్‌నీల్ తప్పటడుగు అక్కడే పడిందని తర్వాతి పండితులు చాలామంది అన్నారు. దెర్వ్‌ఫినె ఆస్తి చట్టం. దాన్ని తీసుకెళ్లి రాజుకు తగిలించాడు. ఆచరణలో చూస్తే ఎక్కువమంది రాజులు అంతకుముందు రాజయినవాడి కొడుకులో మనవలో, అంతకంటే దూరం వెళ్లడం అరుదు. ముత్తాత వరకు ఆగితే ఆ కొమ్మ అప్పటికే ఎండిపోయి ఉంటుంది.

పైగా మీ నియమం నిజమైతే బ్రియన్ బోరు ఎలా వచ్చాడు? దక్షిణాది ప్రావిన్సు మన్‌స్టర్ గద్దె కాషెల్‌లో. అది శతాబ్దాలుగా ఓగనక్త వంశాలది. బ్రియన్‌ది దాల్ గాష్ అనే, మొన్నటిదాకా ఎవరూ పట్టించుకోని తెగ. అతని తండ్రి గానీ తాత గానీ కాషెల్ రాజులు కారు. ముందు అన్న మాథవన్ కాషెల్‌ను పట్టాడు, 976లో అతన్ని చంపారు. రెండేళ్లకు బ్రియన్ ఆ చంపినవాడిని చంపి గద్దె ఎక్కాడు. 1002కి దేశం మొత్తానికి పెద్దరాజు. అర్హత సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. వంశవృక్షం తర్వాత సర్దారు, దాల్ గాష్ వాళ్లూ ఓగనక్త వాళ్లూ ఆదిలో అన్నదమ్ముల బిడ్డలే అని.

కృష్ణాతీరం · బుధవారం, ఉదయం 7:40

గెలిచాక గోత్రం కలుపుకోవడం. ఇది మనకు తెలిసిన టెక్నిక్కే.

సీతాఫలం · బుధవారం, మధ్యాహ్నం 1:05

రెండు రోజులుగా చదువుతున్న. అందరూ కొడుకుల లెక్కే చెప్తున్నరు, ఆడవాళ్ల సంగతి ఎవ్వరూ ఎత్తలేదు.

ఫైలాన్ అన్నను చంపి రాజ్యం ఒక్కటే తీసుకున్నడా? అన్న భార్యను కూడా పెళ్లి చేసుకున్నడు. ఆమె పేరు తైలెఫ్లా, మన్‌స్టర్ రాజు కాహల్ మాక్ ఫింగినె బిడ్డ. మన్‌స్టర్‌తో వియ్యం తెగకుండ చూసుకున్నడన్నమాట. ఆమెను ఎవరైనా అడిగిన్రో లేదో.

ఎత్నె విషయం ఇంకా ఘోరం. పాతరాతి గారు 'అతని రాణి' అని ఒక్క మాటతో దాటేసిన్రు. ఆమె లెన్‌స్టర్ పక్కనున్న మీథ్ రాజు డొనాల్ బిడ్డ. 795లో తారా గద్దె మీదున్న డొన్‌హద్‌కు తోబుట్టువు. అంటే ఫిన్‌ష్నెక్త ఆ రాత్రి ఒక దాయాదినే కాదు, దేశంలో అందరికంటే పెద్ద రాజు ఆడబిడ్డను చంపిండు. బ్రన్ బలమంతా ఆ బావమరిది దగ్గర్నుంచే వస్తున్నదని లెక్కేసి ఇద్దర్నీ ఒకేసారి తీసేసిండని నాకు అనిపిస్తది. డొన్‌హద్ కూడా 797లో పోయిండు. ఫిన్‌ష్నెక్తకు అట్ల కలిసొచ్చింది.

మా దిక్కు దాయాదులను పాలోళ్లు అంటరు. పాలోడు పగోడు అని సామెత ఊరికే రాలే.

వానలోవాడు · బుధవారం, సాయంత్రం 6:30

సీతాఫలం అక్కా, థాంక్స్. ఇది మావాడి ప్రాజెక్టులో పెట్టలేను గానీ నేను మాత్రం మర్చిపోలేను.

నాదో పిచ్చి ప్రశ్న. ఇంత గొడవ ఎందుకు, పెద్ద కొడుకు రాజు అంటే సరిపోయేది కదా?

వకీలుబుర్ర · బుధవారం, రాత్రి 8:10

పెద్ద కొడుకు ఎవరు అన్నదే తేలదు కాబట్టి. రాజుకు ఒక పెద్ద భార్య, ఇంకా ఇద్దరో ముగ్గురో. చట్టం అందరి పిల్లల్నీ తండ్రి గుర్తిస్తే చాలు వారసులే అంటుంది. చర్చి ఒక్క భార్యే అని గొంతు చించుకుంటున్నా వినేవాడు లేడు. ఒక చట్ట గ్రంథంలో దీని మీద వాదన కూడా ఉంది: ఒక భార్య మేలా, అనేకమంది మేలా అన్నది తేలని విషయం, ఎందుకంటే దేవుడు ఎంచుకున్న పాత నిబంధన ప్రజలే అనేకమందితో కాపురం చేశారు, కాబట్టి దాన్ని తిట్టడం పొగడడం కంటే సులువేమీ కాదు అని. రాసినవాడు ఎవడో గానీ గొప్ప డిఫెన్స్ లాయరు.

అర్హుడికి వాళ్ల మాట 'రీదవ్న', రాజు చేయడానికి పనికొచ్చే సరుకు అని. ముందే ఎంచుకున్న వారసుడు 'టానిష్టె', రెండోవాడు. వానలోవాడు గారికి ఈ మాట తెలిసే ఉంటుంది, ఇవాళ్టికీ అక్కడ ఉప ప్రధానిని అదే అంటారు. సరుకు అన్నారు చూశారా, పుట్టుకొక్కటే చాలదు. మనుషులు, పశువులు, బందీలు ఉండాలి. సంకెళ్లలో బందీలు లేనివాడు రాజే కాడని చట్టంలోనే ఉంది.

పాతరాతి · బుధవారం, రాత్రి 9:45

దీనికో అంగవైకల్యం షరతు కూడా కలపండి. రాజుకు ఒంటి మీద లోపం ఉండకూడదు. అల్‌స్టర్ రాజు కొంగల్‌కు తేనెటీగ కుట్టి ఒక కన్ను పోయింది. దాంతో తారా రాజరికం పోయింది. ఇది పుక్కిటి పురాణంలోది కాదు, తేనెటీగల మీదే రాసిన పాత చట్టంలో ఉదాహరణగా వస్తుంది: ఎవరి తేనెటీగ ఎవర్ని కుడితే ఎంత పరిహారం అని. అందుకే అతన్ని కొంగల్ కైక్, ఒంటికన్ను కొంగల్ అంటారు. 637లో మొయిరా యుద్ధంలో పోయాడు.

ఈ షరతును దాయాదులు ఎలా వాడుకున్నారో ఊహించండి. చంపితే పాపం, రక్తపరిహారం, చర్చి శాపం. కళ్లు పొడిస్తే ప్రాణం ఉంటుంది, పోటీ ఉండదు.

మీథ్‌లో ఫ్లాన్ షిన్న ఇల్లు చూడండి. ఫ్లాన్ 879 నుంచి 916 దాకా తారా రాజు. బాగా ఎక్కువ కాలం బతికాడు, అదే చిక్కు. 904లో కొడుకు డొన్‌హద్ తిరగబడి కెల్స్ మఠంలో దాక్కుంటే, తండ్రి ఆ పుణ్యక్షేత్రాన్నీ లెక్కచేయలేదు. ప్రార్థనా మందిరం చుట్టూ ఎంతోమంది తలలు నరికించాడు. 915లో డొన్‌హద్, తమ్ముడు కొన్‌హోర్ కలిసి మళ్లీ లేచారు. అప్పుడు ఉత్తరాది రాజు నీల్ గ్లూన్‌డువ్ (నల్ల మోకాలు నీల్) సైన్యంతో వచ్చి, నాన్న మాట వింటామని కొడుకుల చేత ఒట్టు వేయించాడు. మరుసటేడు ఫ్లాన్ పోగానే తారా గద్దె ఎక్కింది ఎవరనుకున్నారు? ఆ నీలే.

919లో నీల్, కొన్‌హోర్ ఇద్దరూ డబ్లిన్ వైకింగుల చేతిలో ఒకే యుద్ధంలో పోయారు. డొన్‌హద్‌కు దారి క్లియర్. ఆ ఏడాదే తమ్ముడు ఐద్ కళ్లు పొడిపించాడు. 921లో ఇంకో తమ్ముడు డొనాల్‌ను మోసంతో చంపాడు. తర్వాత 944 దాకా హాయిగా ఏలి మంచం మీద పోయాడు.

కృష్ణాతీరం · బుధవారం, రాత్రి 10:02

ఫిన్‌ష్నెక్తకు 'నాలుగు కళ్లవాడు' అని బిరుదు ఉందని ఎక్కడో చూశా. ఈ వాతావరణంలో రెండు స్పేర్ పెట్టుకోవడం మంచిదే.

లెక్కలమాస్టారు · గురువారం, ఉదయం 5:45

నవ్వుకోండి. కానీ పాతరాతి గారు తనకు తెలియకుండానే నా వాదానికే బలం చేకూర్చారు. తారా రాజుల పట్టిక కూడా వేశాను. 734 నుంచి 1002 దాకా ఉత్తరాది కెనేల్ ఓవెన్ వంశం ఒకసారి, మీథ్ క్లాన్ కొల్మాన్ వంశం ఒకసారి. ఒకరి తర్వాత ఒకరు, 944లో బ్రెగా నుంచి వచ్చిన కొంగలాక్ ఒక్కడే అడ్డం. 270 ఏళ్లలో ఒక్క తప్పు! నీల్ వచ్చి ఫ్లాన్ కొడుకుల చేత ఒట్టు ఎందుకు వేయించాడు? తర్వాత వంతు తనది కాబట్టి. తన వంతు వచ్చేదాకా ముసలాయన గద్దె మీద ఉండాలి కాబట్టి. ఇది రాయని ఒప్పందం కాకపోతే ఏమిటి?

పాతరాతి · గురువారం, రాత్రి 9:10

మాస్టారూ, ఇది మంచి పాయింటు. నిజాయితీగా చెప్తున్నా, పొద్దున్నుంచి దీని గురించే ఆలోచిస్తున్నా.

తారా విషయంలో మీరన్నది చాలావరకు ఒప్పుకుంటాను. అక్కడ ఉన్నవి రెండే పక్షాలు, మధ్యలో బోలెడు దూరం. ఒకరు ఇంకొకరి ఊరికి పోయి కూర్చోలేరు. అలాంటిచోట నీ తర్వాత నేను అన్న లెక్క ఇద్దరికీ లాభమే. మధ్యలో పెళ్లిళ్లు కూడా నడిచాయి. ఫ్లాన్ కూతురు గొర్మ్‌లే ఆ నీల్ భార్యే.

లెన్‌స్టర్ అలా కాదు. మూడు శాఖలూ ఒకే మైదానంలో, ఒకరి పొగ ఒకరికి కనబడేంత దగ్గర. అక్కడ పంచాయితీ తీర్చింది బయటివాడు. 805లో తారా రాజు ఐద్ ఓర్డ్‌నిథె వచ్చి ఫిన్‌ష్నెక్తను దింపేశాడు. దింపి ఎవర్ని పెట్టాడు? ఒకణ్ణి కాదు, ఇద్దర్ని. ఫైలాన్ శాఖ నుంచి ఒక మురెదాక్, మురెదాక్ శాఖ నుంచి ఇంకో మురెదాక్. ఈ రెండోవాడు 795లో చచ్చిపోయిన బ్రన్ కొడుకే. ఫిన్‌ష్నెక్త సన్యాసం పుచ్చుకున్నాడు. ఏడాది తిరక్కుండా సన్యాసం వదిలేసి మళ్లీ గద్దె ఎక్కాడు. 808లో కిల్డేర్‌లో పోయాడు. 835లో కూడా అంతే, తారా రాజు నీల్ కాల్యె వచ్చి డూన్‌హద్ శాఖ నుంచి బ్రన్ మాక్ ఫైలాన్‌ను కూర్చోబెట్టి వెళ్లాడు. లెన్‌స్టర్ ఒక్కడి చేతిలో గట్టిపడకుండా చూసుకోవడం పై రాజు అవసరం. వంతు వాళ్లది కాదు, పైవాడు తిప్పుతున్న చక్రం.

సీతాఫలం · గురువారం, రాత్రి 9:50

1042లో ఆ చక్రం ఎట్ల ఆగిందో కూడా చెప్పాలె. ఈ కెన్‌షెలిగ్ డియర్మిత్ మాక్ మైల్ నా మో వచ్చి మూడు శాఖలనూ పక్కకు నెట్టిండు. ఈయన భార్య దెర్వొర్గిల్ బ్రియన్ బోరు మనవరాలు, డొన్‌హద్ బిడ్డ. (మీథ్ డొన్‌హద్ కాదు, బ్రియన్ కొడుకు. పేర్లు దొరకనట్టు అందరూ ఇవే పెట్టుకున్నరు.) ఆ డొన్‌హద్ 1023లో సవతి అన్నదమ్ముడు తైగ్‌ను చంపించి మన్‌స్టర్ తీసుకున్నడు. తైగ్ కొడుకు టర్లో పోయి ఎవరి పంచన చేరిండు? ఈ డియర్మిత్ పంచన. అల్లుడు మామ మీదికి పోయిండు, పెళ్లాం తండ్రిని దించి ఆ పిల్లగాన్ని గద్దెకెక్కించిండు. డొన్‌హద్ యాత్ర పేరుతో రోము పోయి 1064లో అక్కడనే కన్ను మూసిండు. నలభై ఏండ్ల పగ.

దెర్వొర్గిల్ ఏ పక్కకు ఏడ్చిందో ఎవరూ రాయలే.

వకీలుబుర్ర · గురువారం, రాత్రి 10:30

ఆ డియర్మిత్ వంశంలోనే వచ్చాడు కదా, 1141లో లెన్‌స్టర్ పెద్దల్ని 17 మందిని చంపో కళ్లు పొడిచో అణిచేసిన డియర్మిత్ మాక్ ముర్హద. 1166లో దేశం నుంచి తరిమితే పోయి బ్రిటన్ నుంచి నార్మన్లను పిలుచుకొచ్చాడు. కూతురు ఐఫెను వాళ్ల నాయకుడు స్ట్రాంగ్‌బోకు ఇచ్చి, నా తర్వాత లెన్‌స్టర్ నీదే అన్నాడు. ఐరిష్ చట్టం ప్రకారం ఆ మాట ఇవ్వడానికి అతనికి హక్కే లేదు. రాజరికం కూతురి మీదుగా పోదు. 1171లో అతను పోగానే లెన్‌స్టర్‌లో ఎక్కువమంది అన్నదమ్ముడి కొడుకు మురియర్తాక్ వైపు నిలబడ్డారు, పాత లెక్క ప్రకారం. స్ట్రాంగ్‌బో దగ్గర కవచాలున్న గుర్రపుదళం ఉంది. కేసు కొట్టేశారు.

లెక్కలమాస్టారు · శుక్రవారం, ఉదయం 6:00

సరే. తారా పట్టిక అలాగే ఉంచుతున్నాను. లెన్‌స్టర్ పట్టికలో చిన్న బ్రన్‌ను చేర్చాను, దాంతో 81లో ఒకటి లెక్క చెడింది. 'వంతు' అన్న కాలమ్ పేరు మార్చి 'ఎలా వచ్చాడు' అని పెట్టాను. చాలా గడులు ఎరుపు రంగులోకి వెళ్లాయి.

ఒకచోట ఆగిపోయాను. 805 గడిలో ఇద్దరు మురెదాక్‌లు. ఒకడు ఫై, ఒకడు ము. ఎలా వేయమంటారు?

పాతరాతి · శుక్రవారం, ఉదయం 8:25

మెర్జ్ చేయకండి మాస్టారూ. పక్కపక్కన రెండు గడులు వేసి, 806లో మళ్లీ ఫిన్‌ష్నెక్త.

వానలోవాడు · ఆదివారం, మధ్యాహ్నం 3:40

ఇవాళ మళ్లీ వెళ్లాం. ఎండ! పక్క పొలం పెద్దాయన్ని అడిగితే, గేటు మూసి రండి, గొర్రెలు బయటికొస్తాయి అని చెప్పి పంపాడు. గట్టు ఎక్కి చూస్తే కందకం నిజంగానే లోపలివైపు ఉంది. మావాడు అందులోకి దిగి పరిగెత్తాడు. పైనుంచి ఉత్తరాన నాస్ వైపు చాలా దూరం కనబడుతోంది. ముల్లామాస్ట్ ఎటు అని వాడు అడిగాడు, దక్షిణం వైపు చూపించా. ప్రాజెక్టులో 'వంతులు' అన్న మాట కొట్టేసి ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు. మంగళవారం లోపు ఇవ్వాలి.

కృష్ణాతీరం · ఆదివారం, సాయంత్రం 4:02

గేటు మూశారా?